పద్దెనిమిదో మెట్టు

మా లిఫ్టు ఖరాబై ఇయ్యాల్టికి పదకొండు రోజులు.
మోటరు కాలిందన్నడు గౌస్ భాయ్,
పార్టు బాలానగర్ల దొరకదన్నడు,
పుణె నుంచి తెప్పియ్యాలన్నడు,
చాయ్ తాగి పోయిండు.

బోరబండల అయిదంతస్తుల పాత అపార్టుమెంటు.
మాది అన్నిటికన్నా పైది.
గాలి మంచిగొస్తదని కొనుక్కున్నం,
వచ్చే గాలికి కిటికీలు మూసి
ఏసీ పెట్టుకున్నం.

మొదటి రోజు
మా ఆర్ణవి రెండో అంతస్తులనే కూలబడ్డది.
తొమ్మిదేండ్ల పిల్ల.
వీపుకు బ్యాగా, బ్యాగుకు పిల్లా తెల్వకుండ ఉన్నది.
"అమ్మా, మనం ఈడ్నే ఉందామా?"
నవ్వొచ్చింది.
ఆ ఊపిరి చప్పుడు విన్నంక నవ్వు ఆగిపోయింది.
మా కుక్కర్ కూడ అంత తొందరపడదు.

మూసాపేట డాక్టరమ్మ మొన్ననే చెప్పింది,
ఫైలు మీదికెల్లి తల ఎత్తకుండ:
"మందేం లేదమ్మా. ఆడుకోనియ్యి."
మందు రాస్తే కొనుక్కొచ్చేదాన్ని.
ఆట ఏ మెడికల్ షాపుల ఇస్తరు?
కింద పార్కింగుల కార్లు,
కార్ల సందుల బండ్లు,
బండ్ల మీదికెల్లి గోడకు
"పిల్లలు ఆడరాదు" అని బోర్డు.
బోర్డు కింద సెక్రటరీ సంతకం.
సెక్రటరీ మా ఆయనే.

మూడో రోజు
ఫర్జానా కొడుకు జైద్ చాక్‌పీసు పట్టుకొని
ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె రాసుకుంట పైకొచ్చిండు.
పదిహేడు తర్వాత పందొమ్మిది రాసిండు.
ఎవ్వలూ దిద్దలేదు.
ఉన్నయి తొంభై మెట్లే,
పిల్లల లెక్కల మా ఇల్లు తొంభై ఒకటో మెట్టు మీద ఉంటది.

ఇగ మొదలైంది లొల్లి.
సరి మెట్ల మీదనే కాలు పెట్టాలె ఒకనాడు,
ఒంటికాలు మీద పోవాలె ఒకనాడు,
ఒకనాడు దొంగ కింద, పోలీసు పైన.
నాలుగో అంతస్తు సుగుణమ్మకు మోకాళ్లు నొస్తయి,
ఇల్లు దాటి పది రోజులాయె.
ఆమె పాల ప్యాకెట్టు ఎవరు ముందు ఇస్తరని పందెం.
గెలిచినోళ్లకు పల్లీపట్టి.
ఓడినోళ్లకు కూడ పల్లీపట్టి,
జరంత చిన్నది.

మా పిల్ల ఆరోనాడు
మూడో అంతస్తు దాకా ఆగకుండ ఎక్కింది.
తొమ్మిదోనాడు తలుపు తీసేసరికి
చెమటతోటి, జుట్టు రేగి,
మోకాలికి కొత్త గాయంతోటి నిలబడ్డది.
"ఆకలైతుంది" అన్నది.
ఆ మాట ఆమె నోట నేనెన్నడు వినలే.
మూడు జొన్నరొట్టెలు తిన్నది,
నాలుగోది నా పళ్లెంల నుంచి గుంజుకున్నది.
ట్యాబు సోఫా కింద
ఛార్జింగు లేక పడుకున్నది.
నేను లేపలే.

నిన్న రాత్రి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి
బోర్డు ముందల ఆగిండు.
నేను వెనకాలె, కూరగాయల సంచితోటి.
"రాదు" మీద ఎవరో సున్నం పూసి
పక్కన చాక్‌పీసుతోటి "వచు" అని రాసిండ్రు.
పిల్లలు ఆడవచు.
కోపానికొస్తడనుకున్న.
వంగి కింద పడ్డ చాక్‌పీసు ముక్క ఏరిండు,
చు కింద వత్తు పెట్టిండు.
"తప్పులు రాస్తే ఎట్ల మరి?" అన్నడు
గోడతోటి అన్నట్టే.
తన బండి తీసి
గేటు అవతల పెట్టొచ్చిండు.

సోమవారం పార్టు వస్తదట.
రానియ్యి, సుగుణమ్మకు కావాలె.
"మేం దాన్ల ఎక్కం" అంటున్నరు పిల్లలు.
మొదటి రోజు అందరూ ఎక్కుతరు, నాకు ఎరకే,
పైకీ కిందికీ నాలుగు చక్కర్లు కొడ్తరు,
గౌస్ భాయ్ తిడ్తడు.
తర్వాత చూద్దాం.

నేనింకా రోజూ
పద్దెనిమిదో మెట్టు కాడ ఆగుతున్న,
కమ్మి పట్టుకొని, దమ్ము తీసుకోను.
మా పిల్ల మీదికెల్లి కేకేస్తది:
"అమ్మా, ఏడ ఆగినవ్?"
ఏమని చెప్పాలె?
ఆమెకు ఆ మెట్టే లేదు.